మలుపు మన పనిలోనే ఉంది: ఓరుగల్లు నేల మీద జానర్ నవల రాయడం ఎలా

నేర పరిశోధన, హారర్, థ్రిల్లర్, చారిత్రక సాహసం, సైన్స్ ఫిక్షన్. వీటన్నిటినీ కలిపి ఇప్పుడు జానర్ సాహిత్యం అంటున్నాం. నేను రాసేవి ఎక్కువగా నేరం చుట్టూ తిరిగే నవలలు. వరంగల్, ములుగు, భూపాలపల్లి, గోదావరిఖని వైపు నుంచి కొత్తగా రాస్తున్న పిల్లలు తమ రాతప్రతులు చూపిస్తుంటారు. భాషలో చురుకు ఉంటుంది, ఊహకు కొదవ ఉండదు. కానీ హత్య హనుమకొండలో జరిగినా శవం దొరికే తీరు, పోలీసు మాట్లాడే తీరు, చివరి మలుపు అన్నీ ఎక్కడో చూసిన వెబ్ సిరీస్‌వే. ఊరి పేరు కొట్టేసి ఇంకో పేరు రాస్తే కథకు ఏ నష్టమూ రాదు.

జానర్ కథకు ప్రాణం మలుపు. ఆ మలుపు ఈ ఊరి మనుషులు రోజూ చేసే పనిలోంచి పుట్టాలని నా గట్టి నమ్మకం. అలా పుట్టినదాన్ని ఇంకెవరూ రాయలేరు. దాన్ని ఆచరణలో పెట్టడం ఎలాగో కింద వరుసగా చెబుతున్నాను.

మొదటి మెట్టు: రెండుసార్లు చదవండి

నచ్చిన డిటెక్టివ్ నవల ఒకటి తీసుకోండి. మొదటిసారి హాయిగా, పాఠకుడిగా చదవండి. రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చోండి. నేరస్థుడు మొదట ఏ పేజీలో కనిపించాడు? అసలు ఆధారం ఏ పేజీలో మన కళ్ల ముందే పడి ఉంది? దాన్ని మనం చూడకుండా రచయిత మన చూపును ఎటు తిప్పాడు? ఈ మూడూ పేజీ నంబర్లతో రాసుకోండి. ఇలా నాలుగైదు నవలలు విప్పి చూస్తే, ఆధారాన్ని దాచే చోటు దాదాపు ప్రతిసారీ ఒకేలాంటిదని తెలుస్తుంది. ఓ గొడవ మధ్యలోనో, ఏడుపు మధ్యలోనో, నవ్వు మధ్యలోనో ఉంటుంది. మన మనసు మనుషుల మీద ఉన్నప్పుడు వస్తువు కంటికి ఆనదు.

పాత తెలుగు సీరియళ్లు కూడా చదవండి. వారపత్రికల కాలంలో ప్రతి వారం చివర పాఠకుణ్ని నిలబెట్టడం ఆ రచయితలకు తిండి పెట్టిన విద్య. ఇప్పుడు ఫోన్లో భాగాలుగా రాస్తున్నవాళ్లకు అది నేరుగా పనికొస్తుంది. హనుమకొండలో 1904లో మొదలైన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం ఉంది. గ్రంథాలయమంటే పోటీ పరీక్షలకు చదువుకునే చోటే అనుకోకుండా పాత నవలల కోసం కూడా ఆ గడప తొక్కండి.

ఒగ్గుకథను మాత్రం తప్పకుండా వినండి. సంక్రాంతికి అయినవోలు మల్లన్న జాతరకు పోతే చాలు. అక్కడ కూర్చున్నవాళ్లందరికీ కథ ముందే తెలుసు. మల్లన్న ఏం చేస్తాడో, చివరికి ఏమవుతుందో చిన్నప్పటి నుంచి విన్నదే. అయినా రాత్రంతా కదలరు. ప్రధాన కథకుడు ఓ మాట అని ఆగుతాడు, పక్కవాడు వంత పాడుతూ అడ్డుప్రశ్న వేస్తాడు, డోలు దెబ్బ పడుతుంది, అప్పుడుగానీ కథ ముందుకు పోదు. ముగింపు తెలియకపోవడమే ఉత్కంఠ అనుకునేవాళ్లు ఈ జనాన్ని చూడాలి. తెలిసిన సంగతి దగ్గరికి ఎంత మెల్లగా, ఏ దారిన తీసుకుపోతున్నాడన్నదే అక్కడ జనాన్ని కూర్చోబెడుతుంది.

రెండో మెట్టు: పాఠకుడితో ఒప్పందం ఒక్క వాక్యంలో రాసుకోండి

ప్రతి జానరూ పాఠకుడికి ఓ మాట ఇస్తుంది. డిటెక్టివ్ కథ ఇచ్చే మాట: పరిశోధకుడు చూసినదంతా నీకూ చూపిస్తాను. థ్రిల్లర్‌లో ప్రమాదం ముందే తెలుస్తుంది, దాన్ని ఆపగలరా లేదా అన్నదే ప్రశ్న. హారర్‌లో భయానికి ఓ నియమం ఉండాలి, దయ్యం ఇవాళ ఒకలా రేపు ఇంకోలా ప్రవర్తిస్తే భయం పోయి విసుగు మిగులుతుంది.

1929లో ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ అనే క్రైస్తవ ఫాదరీ డిటెక్టివ్ కథకు పది నియమాలు రాశాడు. ఆయనా డిటెక్టివ్ నవలలు రాసినవాడే. నేరస్థుడు కథ మొదట్లోనే కనబడాలి, పరిశోధకుడికి అదృష్టం కలిసొచ్చి గుట్టు తెలియకూడదు, అతీంద్రియ శక్తులు పనికిరావు, పరిశోధకుడే నేరస్థుడు కాకూడదు. ఇలా సాగుతాయి. వీటిలో కొన్నిటిని తర్వాతివాళ్లు దాటి మంచి నవలలే రాశారు. మీరూ దాటొచ్చు. కాకపోతే ఏ మాట దాటుతున్నారో తెలిసి దాటండి.

మూడో మెట్టు: ఓ పనిని లోపలినుంచి తెలుసుకోండి

ఈ మార్గదర్శిలో మిగతాదంతా మరిచిపోయినా దీన్ని మాత్రం వదలకండి.

గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, భూపాలపల్లి. ఈ ఊళ్లలో బొగ్గుబాయి మాట లేని ఇల్లు తక్కువ. భూగర్భ గనిలోకి దిగేముందు కార్మికుడు మస్టర్ పడి, ల్యాంపు రూముకు పోయి తన నంబరున్న క్యాప్ ల్యాంపు తీసుకుంటాడు. దాని బ్యాటరీ నడుముకు, దీపం నెత్తి మీది టోపీకి. షిఫ్టు దిగినంక దాన్ని మళ్లీ అక్కడే చార్జింగుకు అప్పజెప్పాలి. ఒక ల్యాంపు తిరిగి రాలేదంటే ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నాడని. ల్యాంపు రూములో ఖాళీగా ఉన్న ఆ ఒక్క చోటు బాయి మొత్తాన్ని పరుగులు పెట్టిస్తుంది.

ఇప్పుడు దీన్ని తిప్పి చూడండి. నైట్ షిఫ్టు అయిపోయింది. ల్యాంపులన్నీ వాటి వాటి నంబర్ల మీద ఉన్నాయి, ఒక్కటీ తక్కువ లేదు. కానీ ఒక మనిషి ఇంటికి రాలేదు. ఊరంతా రైల్వే స్టేషన్ దిక్కు, చెరువు దిక్కు వెతుకుతోంది. బాయిలో వెతకాలని ఎవరికీ తోచదు, ఎందుకంటే ల్యాంపు వచ్చింది. దీపం పైకొచ్చింది కాబట్టి మనిషీ వచ్చినట్టే అని అందరి లెక్క. అంటే ఆ దీపాన్ని ఇంకెవరో పట్టుకొచ్చారు. తన ల్యాంపుతో పాటు రెండోదాన్ని ఎలా తెచ్చాడు? ల్యాంపు రూము కిటికీ దగ్గర ఎవరూ ఎందుకు చూడలేదు? షిఫ్టు మారే వేళ ఎంత తోపులాట ఉంటుంది? నవల మొదలైపోయింది. ఇదే కథను నేలను పైనుంచే తవ్వే ఓపెన్ కాస్టు గనిలో పెట్టలేరు, అక్కడ ల్యాంపు లెక్క ఉండదు. పనిలోంచి పుట్టిన మలుపు అంటే ఇదే.

ఇక వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్. మిర్చి సీజన్‌లో యార్డులోకి అడుగుపెట్టగానే ముక్కు, కళ్లు మండుతాయి. పొద్దున జెండా పాట పడుతుంది. ఆ రోజు మంచి సరుకుకు పలికే పెద్ద ధర అది. తర్వాత ఒక్కొక్క కుప్ప దగ్గరా బేరం. నాణ్యత బాగాలేదంటే ధర ఎంత పడిపోతుందో రైతు మొహం చూస్తే తెలుస్తుంది. ఆ తర్వాత కాంటా, హమాలీలు, దడవాయి రాసే తూకం, చివరికి అడ్తిదారు ఇచ్చే తక్‌పట్టీ. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఏ ధర, ఏ ఖర్చులు పోగా చేతికెంత అన్నీ ఆ చిన్న కాగితంలో ఉంటాయి. ఓ మనిషి ఫలానా రోజు యార్డులో ఉన్నాడా లేడా అన్నదానికి సీసీ కెమెరా కన్నా బలమైన సాక్ష్యం అది. ఎంత బలమైనదో అంత సులువుగా వేరేవాళ్ల పేరు మీద రాయించుకునేది కూడా. నేరాల వార్తల్లో మనం తరచూ చదువుతుంటాం, జాగిలాలు వాసన పట్టకుండా దొంగలు కారం చల్లి పోయారని. మిర్చి యార్డులో ఎవరూ చల్లాల్సిన పని లేదు. పోలీసు కుక్కను అక్కడికి తెచ్చే సీన్ రాసేముందు ఆ సంగతి గుర్తుండాలి.

వివరాలు ఎలా రాబట్టాలి? షిఫ్టు దిగే వేళ గేటు బయట చాయ్ హోటల్లో కూర్చోండి. "మీ పని గురించి చెప్పండి" అని అడిగితే పేపర్లో వచ్చే మాటలే వస్తాయి. "కాకా, ఇయ్యాల పొద్దున బాయిమీదికి వొయినకాడికెల్లి ఏం జేసినవో వరుసగ చెప్పు" అనండి. ఆ తర్వాత ఈ రెండు ప్రశ్నలు: ఏది తక్కువ పడితే అందరూ ఉరుకుతరు? ఏ పనిని అందరూ నియమం తప్పి చేస్తరు, అయినా ఎవరూ పట్టించుకోరు? మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు మీ కథకు ఆరంభం. రెండోదానికి వచ్చేది నేరస్థుడు దూరే సందు. చెప్పిన మనిషి పేరు, ఊరు, ఆనవాళ్లు మాత్రం నవలలోకి రానీయొద్దు. వాళ్లు అక్కడే బతకాలి.

నాలుగో మెట్టు: చట్టం, శరీరం

2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. ఆ తేదీ తర్వాత జరిగిన హత్యకు సెక్షన్ 302 అని మీ ఎస్సై రాస్తే తప్పు, ఇప్పుడది 103. అంతకుముందు జరిగిన నేరమైతే 302నే. ఎఫ్ఐఆర్ సీఆర్‌పీసీ 154 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 173కు, అనుమానాస్పద మృతికి చేసే పంచనామా 174 నుంచి 194కు మారాయి. అరెస్టయిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ప్రయాణ సమయాన్ని అందులో లెక్కించరు. వారం రోజులు లాకప్పులో పెట్టి ప్రశ్నించే సీన్ రాశారంటే, ఆ పోలీసు చట్టాన్ని మీరాడని కథకు తెలిసి ఉండాలి.

కొత్త రాతప్రతుల్లో ఎక్కువగా కనబడేది చివర్లో స్టేషన్‌లో నేరం ఒప్పేసుకోవడం. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో ఆ మనిషి మీద సాక్ష్యంగా చెల్లదు. సాక్ష్య అధినియమంలో సెక్షన్ 23 చూడండి. కానీ అతను చెప్పిన సమాచారంతో ఓ వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత మేరకు ఆ మాట చెల్లుతుంది. ఇది రచయితకు దొరికిన వరం. ఒప్పుకోలుతో కథ ముగించకండి. పోలీసులు సాక్షులుగా పిలిచిన పంచుల ఎదుట అతను వ్యవసాయ బావి దగ్గరికి నడవడం, మోటారు గద్దె వెనక చెయ్యి పెట్టడం, చెయ్యి ఖాళీగా రావడం. అక్కడ నవలకు ఇంకో ఊపిరి వస్తుంది.

శరీరం విషయంలో చల్లటి దేశాల నవలల్లోని గంటల లెక్కలు ఇక్కడ నడవవు. చనిపోయాక ఒళ్లు బిగుసుకోవడం, మళ్లీ సడలడం వేడికి తొందరగా జరుగుతాయి. మే నెల రామగుండం ఎండలో కుళ్లడం కూడా అంతే. "మరణించి సరిగ్గా ఏడు గంటలైంది" అని మీ డాక్టరు చెప్పడం కన్నా, ఓ అంచనా ఇచ్చి ఎండ వల్ల అది ఎందుకు అటూ ఇటూ కావచ్చో చెప్పడం నిజానికి దగ్గర. ఆ అటూ ఇటూలోనే ఇద్దరు అనుమానితులను నిలబెట్టొచ్చు.

ఐదో మెట్టు: రెండు వరుసల కాగితం

ఓ పెద్ద కాగితాన్ని నిలువుగా రెండుగా గీయండి. ఎడమ వైపు నిజంగా జరిగింది, తేదీ, గంటతో సహా. కుడి వైపు పాఠకుడికి తెలిసింది, అధ్యాయం నంబరుతో సహా. ఎడమ వైపు పూర్తయ్యేదాకా మొదటి వాక్యం రాయకండి. ల్యాంపు కథలో ఎడమ వైపు "తెల్లవారుజామున ఫలానావాడు రెండు ల్యాంపులతో పైకొచ్చాడు" అని ఉంటుంది. కుడి వైపు మూడో అధ్యాయంలో అతని అంగీ మీద, నడుము దగ్గర, రెండు పక్కలా ఒకేలాంటి బెల్టు రాపిడి మరక. భార్య బట్టలు ఉతుకుతూ, జీతం డబ్బుల గురించి కొట్లాడుతూ, ఆ మరకను తిట్టుకుంటుంది. పాఠకుడు కొట్లాట వింటాడు.

ఆరో మెట్టు: స్థలం, రాత్రి, భయం

మేడారం జాతర నేపథ్యంగా థ్రిల్లర్ రాయాలని చాలామందికి ఆశ. మంచి ఆశే. రెండేళ్లకోసారి వచ్చే జనసముద్రం, జంపన్నవాగు, ఎత్తు బంగారమని సమర్పించే బెల్లం, తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో. కానీ అక్కడ "కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి" అని రాయకండి. జాతర మాఘ శుద్ధ పౌర్ణమి రోజుల్లో వస్తుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. ఆకాశం నిండా వెన్నెల ఉంటుంది, కింద లైట్లు. అక్కడ భయం చీకటిలో లేదు, వెలుగులో కనబడే లక్షల మొహాల్లో మన మొహం దొరకకపోవడంలో ఉంది. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెకు వస్తారు. ఆ వరుస మార్చి మీ కథ సమయాన్ని సర్దుకోవద్దు. కోయ పూజారుల ఆచారాన్ని దయ్యాల కథకు వస్తువు చేయొద్దు, అది వాళ్ల దేవత, వాళ్ల చరిత్ర.

ఇక బాణామతి, చేతబడి. ఒకప్పుడు వారపత్రికల్లో వీటి మీద సీరియళ్లు జోరుగా నడిచాయి. విమర్శకులు క్షుద్ర సాహిత్యమని పేరు పెట్టారు. భయపెట్టినందుకు నేను ఆ రచనలను తప్పుపట్టను. నా ఆక్షేపణ వేరు. "మంత్రాల నెపంతో హత్య" అనే శీర్షిక మన జిల్లాల పేపర్లలో నేటికీ వస్తోంది. చంపబడేది ఎవరు? ఒంటరి ముసలవ్వ, నాటువైద్యం చేసే మనిషి, ఊరికి ఎదురు మాట్లాడేవాడు. కథలో ఆ అవ్వ నిజంగానే మంత్రగత్తె అని తేలితే, మన నవల ఆ గుంపు పక్కన నిలబడ్డట్టే. జానర్ రచయితకు ఇంత బరువు ఎందుకు అంటారేమో. మన పుస్తకాలు నమ్మకంతో చదివేవాళ్లు ఎక్కువ కాబట్టి.

అలాగని హారర్ మానుకోమనడం లేదు. భయాన్ని అనుమానంలోకి జరపండి. ఊళ్లో ఇద్దరు పిల్లలకు జ్వరం వచ్చింది. తెల్లారి అవ్వ బోరింగు కాడికి వస్తే అక్కడున్న ఆడవాళ్లు బిందెలు నిండకముందే ఎత్తుకుని పోయారు. కిరాణా కొట్టతను ఆమె ఇచ్చిన నోటును చేత్తో తీసుకోలేదు, "గల్ల మీద పెట్టు" అన్నాడు. రాత్రి ఆమె గుడిసె ముందు ఎవరో నిమ్మకాయలు వేసిపోయారు. పొద్దున వాటిని చూసినవాళ్లు అవి ఆమే వేసిందన్నారు. ఏ దయ్యమూ రాకుండానే పాఠకుడు తలుపు గడియ చూసుకుంటాడు.

ఏడో మెట్టు: కాకతీయుల కాలం రాసేవాళ్లకు

ఓరుగల్లు కోట 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ సైన్యాల చేతిలో పడింది. ముగింపు అందరికీ తెలుసు. అందుకే ప్రతాపరుద్రుణ్ని కథానాయకుడు చేయడం కన్నా, మట్టికోట గోడ ఎత్తు పెంచుతున్న ఒడ్డెర మేస్త్రీని, చెరువు తూము కాపలాదారుని, మోటుపల్లి రేవు నుంచి సరుకు తెచ్చే వర్తకుణ్ని పట్టుకోండి. మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం సముద్ర వర్తకులకు ఇచ్చిన హామీ, అందులోనే ఓ నౌకా సాహసం ఉంది. 1213 నాటి రామప్ప గుడి శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడారు. ఆ ఇటుకల కొలిమి దగ్గర రహస్యం దాచే మనిషి ఎవరైనా కావచ్చు.

ఒక్క జాగ్రత్త. వరంగల్ అంటే మిర్చి కాబట్టి కాకతీయ సైనికుడి చేత కారం మెతుకులు తినిపించకండి. మిరప పోర్చుగీసువాళ్ల వెంట మన దేశానికి వచ్చింది, అంటే 1498 తర్వాతే. టమాటా, ఆలుగడ్డ, మక్కజొన్న, పొగాకు కూడా అంతే. ఆ సైనికుడి తిండిలో కారం మిరియాలదీ అల్లానిదీ, పులుపు చింతపండుది.

ఎనిమిదో మెట్టు: మాట

సంభాషణలో యాస పెట్టడమంటే క్రియల చివర మార్చడం కాదు. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారన్నది ముందు. ఓ ఎస్సై అనుమానితుడి తల్లి దగ్గరికి వెళ్లాడనుకోండి.

"అవ్వా, మొన్న రాత్రి నీ కొడుకు ఎప్పుడచ్చిండు?"

"ఎప్పుడస్తడు బిడ్డా, డ్యూటీ దిగినంక అచ్చిండు."

"దిగంగనే అచ్చిండా, ఎటన్న వొయ్యి అచ్చిండా?"

"గదంత నాకేమెర్క సారూ. బువ్వ సల్లారింది, మళ్ల ఎచ్చవెట్టిన."

ఇందులో బల్ల గుద్దడం లేదు, అరుపు లేదు. రెండో ప్రశ్నకు బిడ్డా కాస్తా సారూ అయింది. ఆమెకు భయం పట్టిందని రచయిత వేరే చెప్పనక్కర్లేదు. బువ్వ మళ్లీ వేడి చేసిందంటే కొడుకు ఆలస్యంగా వచ్చాడు. ఆధారం తల్లి ప్రేమలో దాక్కుంది. గోదావరిఖని వైపు "అచ్చిండు" అంటే వరంగల్ దాటినంక "వచ్చిండు" వినబడుతుంది. ఒకే మనిషి నోట రెండూ కలిస్తే ఆ ప్రాంతపు పాఠకుడు వెంటనే పట్టుకుంటాడు. కథనం శిష్ట వ్యావహారికంలో ఉండాలా యాసలో ఉండాలా అన్నది మీ ఇష్టం, ఒకటి ఎంచుకుని చివరిదాకా నిలబడండి.

చివరి మెట్టు: ఇద్దరికి ఇవ్వండి

రాతప్రతి పూర్తయ్యాక అచ్చుకో, ఫోన్లో భాగాలుగా పెట్టడానికో తొందరపడొద్దు. ముందు ఇద్దరికి ఇవ్వండి. ఒకరు ఆ పని చేసేవాళ్లు: బాయి కార్మికుడో, దడవాయో, రిటైరైన కానిస్టేబులో. చదివే తీరిక లేకపోతే ఆ అధ్యాయాలు పక్కన కూర్చుని చదివి వినిపించండి. "బాగుందా" అని అడిగితే మర్యాదకు బాగుందంటారు. "ఎక్కడ నవ్వచ్చింది కాకా?" అని అడగండి. నవ్వు రాకూడని చోట నవ్వాడంటే అక్కడ పని తప్పు రాశారని.

రెండోవాళ్లు ఆ జానర్‌ను పిచ్చిగా చదివేవాళ్లు. వాళ్లకు చివరి నాలుగో వంతు ఇవ్వకుండా ఆపండి. నేరస్థుడెవరో, ఎందుకనుకుంటున్నారో చీటీ మీద రాసి మడతపెట్టమనండి. తర్వాత మిగతాది ఇవ్వండి. పేరూ కారణమూ రెండూ సరిగ్గా రాస్తే ఆధారం మరీ బయట పెట్టారు, ఆ అంగీ మరకను ఇంకో రెండు వాక్యాలు లోపలికి నెట్టండి. పేరు తప్పు రాసి, ముగింపు చదివాక మూడో అధ్యాయం పేజీలు వెనక్కి తిప్పి చూసుకుంటే, దాన్ని ఇక ముట్టుకోకండి. పేరు తప్పు రాసి, వెనక్కి తిప్పకుండా పుస్తకం మూసేస్తే మాత్రం రెండు వరుసల కాగితం మళ్లీ బయటికి తీయాలి, కుడి వైపు ఎక్కడో ఖాళీ ఉంది.